చెవికి నోరొచ్చాక

స్టేషన్‌కి ముందు నన్నే పిలిచారు.
ఊళ్ళో ఎక్కడ తాళం ఊడినా
ముందు గుర్తొచ్చేది లాకుల దగ్గర కాసింపీరాయే.
పది వేళ్ళకీ సిరా పూసి కాగితం మీద అద్దించారు.
ఎస్సైగారు కొత్త, కుర్రాడు.
"నువ్వు చేసిచ్చిన మారుతాళమేనా?" అన్నారు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదండి.
ఆ కారు చెవిని చూశాన్నేను,
చింతగింజలా నల్లగా, నున్నగా ఉంటుంది.
దానికి పళ్ళు లేవు.
నలభై ఏళ్ళుగా పళ్ళు కోసి బతికినవాణ్ణి,
బోసినోటితో నాకేం పని?

తాళంచెవి అన్నారు పెద్దలు.
చెవి కాబట్టి వినేది,
తాళం కడుపులో మీటలు కదిలితే
విని ఊరుకునేది.
ఇప్పటి చెవికి నోరొచ్చింది.
ఉన్నావా అని కారు పిలిస్తే
నిద్దట్లో కూడా ఉన్నానంటుంది.
పిలుపు ఎవరు మోసుకొచ్చారో అడగదు.

వరహాలరాజుగారింట్లో అది
మేత కంపెనీ క్యాలెండరు కింద
మేకుకి వేలాడుతోంది.
గోడకవతల ఒకడు సంచీతో నిలబడ్డాడు,
కారు పక్కన ఇంకొకడు.
కారు పిలుపుని వీడు వాడికందించాడు,
వాడు గోడలోంచి చెవికి వినిపించాడు.
చెవి పలికింది.
ఆ పలుకు పట్టుకుని కారు
రాజుగారు పక్కనే ఉన్నారనుకుంది,
తలుపు తీసి, దీపాలు వెలిగించి
కూర్చోండి అంది.
నలభై సెకన్లు, అంతా కెమెరాలో ఉంది.
కళ్ళజోడు తుడుచుకోడానికే
నాకంత పడుతుంది.

అద్దం పగల్లేదు, తీగ తెగలేదు.
కుక్క తోకాడించింది కూడా.
చెరువు మీద ఏరియేటరు ఆగితే చాలు
ఎంత నిద్రలో ఉన్నా లేచి పరిగెడతారాయన,
రొయ్యకి ఊపిరాడదని.
ఆ రాత్రి ఏరియేటర్లన్నీ సవ్యంగా తిరిగాయి.
చించినాడ వంతెన మీద
మూడూ ఇరవైకి ఆఖరుసారి కనబడింది కారు,
పక్కలైటు వేసుకుని మరీ, మర్యాదగా.

నా కొట్టుకెదురుగా కాలవ లాకులు.
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ ఒక మట్టానికొస్తే గానీ
ఆ తలుపులు కదలవు.
పడవెంత పెద్దదైనా ఆగాల్సిందే.
మా అబ్బా అనేవాడు:
తాళమంటే ఆలస్యంరా,
దొంగని ఆపదు, కాసేపు నిలబెడుతుంది,
ఆ కాసేపట్లో నువ్వు మేలుకోవాలి.
ఆ ఆలస్యమే వద్దని కదా
ఇప్పుడు లక్షలు ఎక్కువ పోసి కొంటున్నారు.

నెల తిరక్కుండా రాజుగారు ఇంకో కారు కొన్నారు.
కొట్టుకొచ్చి, "ఏదో ఒకటి చెయ్యవయ్యా పీరా" అన్నారు.
వాళ్ళ అరుగు మీద కూర్చుని ప్రయోగాలు చేశాం.
రొయ్యల ట్రేలో పెట్టాం, తెరుచుకుంది.
వాళ్ళావిడ ఆవకాయ జాడీలో పెట్టాం, తెరుచుకుంది,
ఆవిడ తిట్లు అదనం.
ఇత్తడి గిన్నెలో వేసి పళ్ళెం బోర్లిస్తే
కాస్త తటపటాయించి తెరుచుకుంది.
ఆఖరికి నా ఆకురాళ్ళ బిస్కట్ డబ్బా ఖాళీ చేశాను.
రేకుది, మూత గోటికి రాదు.
చెవిని అందులో వేసి మూత నొక్కాను.
ఆయన కారు చుట్టూ తిరిగారు, పిడి మీద చెయ్యేశారు,
పేరు పెట్టి పిలిచినంత పని చేశారు.
రాయి.

ఎంతివ్వమంటావన్నారు.
డబ్బాకేం అడుగుతాను, ఉంచుకోండన్నాను.
మర్నాడు డ్రైవరు చేత రెండు కిలోల రొయ్యలు పంపారు.
నా ఆకురాళ్ళు మాత్రం
ఇప్పటికీ గోనె మీదే దొర్లుతున్నాయి.
సిరా ఎప్పుడో పోయింది గానీ
నా వేళ్ళకి మారుతాళం
స్టేషన్లో భద్రంగా ఉంది.

నిన్న సాయంత్రం
హాస్టలుకెళ్ళే పిల్ల రేకుపెట్టె మోసుకొచ్చింది,
చెవి కాలవలో పడిపోయిందట.
మూడు పళ్ళు కోసి చేతిలో పెట్టి
తిప్పి చూసుకోమన్నాను.
టక్కుమంది.
ఆ పిల్లకి నమ్మకం కుదరక
ఇంకోసారి తిప్పింది.